పోగులో దాగిన కరువు

పత్తి సీజన్లో ఆదోని మార్కెట్ యార్డు తెల్లారకముందే తెల్లబడుతుంది. బండ్లూ ట్రాక్టర్లూ ఆటోలూ దించిన పత్తి కుప్పలు కుప్పలుగా పేరుకుంటుంది. వ్యాపారి ఒక కుప్ప దగ్గర వంగి గుప్పెడు పత్తి తీస్తాడు. గింజ నుంచి నాలుగు పోగులు లాగి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పెట్టి సాగదీస్తాడు. పింజ ఎంతుందో, మెత్తదనం ఎలా ఉందో, రంగు ఏపాటిదో చూస్తాడు. ధర చెప్పేసి పక్క కుప్పకి వెళ్లిపోతాడు. మొత్తం కలిపి అర నిమిషం. దుక్కి నుంచి తీత దాకా ఆరు నెలలు పడ్డ కష్టానికి తీర్పు ఆ అర నిమిషంలోనే.

ఇంతకీ అతని వేళ్ల మధ్య ఉన్నదేమిటి? దూది, ఇంకేముంటుంది అంటారు ఎవరైనా. జీవశాస్త్రం చదివినవాళ్లు మాత్రం ఇంకో మాట చెబుతారు. అవి కణాలు. ఒక్కో పోగూ ఒక్కో కణం!

కణాన్ని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలని బళ్లో పిల్లలకు చెబుతారు. నిజమే. కానీ కంటికి కనపడి, చేతికి దొరికే కణాలు కూడా అక్కడక్కడా ఉన్నాయి. అలాంటి వాటిలో దూదిపోగు ఒకటి. దేవుడి ముందు వెలిగే వత్తిలోనూ, దిండులోనూ, ఒంటిమీది చొక్కాలోనూ ఉన్నవి ఒకప్పుడు ప్రాణంతో ఉన్న కణాలే. లక్షలూ కోట్లూ. ఒక్క పత్తి గింజ మీదే పదివేలకు పైగా పోగులుంటాయి. అయితే ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. చిక్కంతా అక్కడే ఉంది. రైతుకు వచ్చే ధర దగ్గర్నుంచి దుప్పటి మీద పడే రంగు దాకా ఆ తేడాల మీదే ఆధారపడి ఉంది.

కాయలో యాభై రోజులు

పత్తి పువ్వు విచ్చుకున్న రోజునే లోపల ఒక వింత మొదలవుతుంది. గింజ కాబోయే అండం పైపొరలోని కణాల్లో పాతిక, ముప్ఫై శాతం మాత్రం చిన్న బుడిపెల్లా పైకి ఉబ్బుతాయి. పక్కనున్నవి ఉన్నచోటే ఉండిపోతాయి. అన్నిట్లో ఉన్నవీ అవే జన్యువులు, అన్నిటికీ అందేదీ అదే నీరు, అదే ఎండ. అయినా ఒకటి పోగవుతుంది, మరొకటి గింజ తొక్కగా మిగిలిపోతుంది. కొన్ని రోజులు ఆలస్యంగా లేచినవి పొట్టిగా ఆగిపోతాయి. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక కూడా గింజకు నూగులా అంటుకుని ఉండేది ఆ ఆలస్యపు జట్టే.

ముందుగా లేచిన కణాల పరుగు మాత్రం చూసి తీరాలి. జోరుగా పెరిగే దశలో రోజుకు 2 మిల్లీమీటర్ల దాకా సాగుతాయి. మూడు వారాలు దాటేసరికి 25, 30 మిల్లీమీటర్లు చేరతాయి. లావు చూస్తే మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. అంటే తన వెడల్పుకి వెయ్యి రెట్లకు పైనే పొడవు. అడుగున్నర వెడల్పున్న మనిషి అదే లెక్కన పెరిగితే పదిహేను వందల అడుగులు దాటేస్తాడు!

అంత పొడవు సాగదీసేది నీళ్లే. కణం తనలోకి పొటాషియాన్నీ చక్కెరలనీ లాక్కుంటుంది. వాటి వెంట నీరు వస్తుంది. లోపలి ఒత్తిడికి ఇంకా లేతగా ఉన్న గోడ సాగుతుంది. ఆ ఒత్తిడి ఎంతో కొలవడానికి శాస్త్రవేత్తలు చేసిన పరికరం మాత్రం అబ్బురమే. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో ఉల్రిష్ జిమ్మర్‌మన్, ఎర్నెస్ట్ స్టాయిడ్లే అనేవాళ్లు 1960ల చివర్లో పెద్ద పెద్ద నాచు కణాల మీద దీన్ని మొదలుపెట్టారు. 1978 నాటికి మామూలు మొక్కల కణాలకీ పనికొచ్చేలా దిద్దారు. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నగా సాగదీసిన గాజు గొట్టంలో నూనె నింపి, దాని మొనను బతికున్న ఒక్క కణంలోకి గుచ్చుతారు. కణంలోని రసం నూనెను వెనక్కి తోస్తుంది. ఆ తోపును గొట్టం వెనకున్న సెన్సర్ లెక్కగడుతుంది. అలా కొలిచి చూస్తే, మొక్కల కణాల్లో కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి రెండు మూడు రెట్లు ఉండటం మామూలేనని తేలింది. వేలితో నలిపితే చితికిపోయే లేత ఆకులోనూ ఇంత బలం దాగుంటుందన్నమాట.

పొడవు పెరగడం నెమ్మదించాక రెండో పని మొదలవుతుంది. కణం తన గోడకు లోపలి నుంచి సెల్యులోజ్ పూత వేసుకుంటూ పోతుంది. పగటి వేడి, రాత్రి చలి తేడాతో రోజుకో పొర చొప్పున పడుతుంది. అడ్డంగా కోసి పరీక్షిస్తే చెట్టు మానులో వలయాల్లా ఆ పొరలు కనిపిస్తాయి. మానులో ఏడాదికో వలయమైతే పోగులో రోజుకొకటి. నలభై అయిదు, అరవై రోజుల మధ్య కాయ పగులుతుంది. కణం చనిపోతుంది, లోపలి నీరు ఆవిరైపోతుంది. గుండ్రటి గొట్టం చప్పబడి మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలే లేకపోతే పోగును పోగు పట్టుకోదు, నూలు వడకడం కుదరదు.

ఇప్పుడు ఆదోని చేలవైపు చూద్దాం. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే పొలాలు కొన్నే. ఆదోని, ఆలూరు, పేరులోనే పత్తి ఉన్న పత్తికొండ... ఇటంతా ఎక్కువ భాగం వానను నమ్ముకున్న సేద్యమే. కాయలోని పోగు సాగే వారాల్లో వాన మొహం చాటేస్తే పోగు పొట్టిదవుతుంది. సాగడం అయిపోయాక ఎండగడితే పొడవుకు ఢోకా ఉండదు గానీ గోడ పలచబడిపోతుంది. నేలలో పొటాష్ చాలకపోయినా ఫలితం దాదాపు అదే. నిండా ముదరని ఆ కణం ఎండాక మెలిక తిరగదు, రిబ్బనులా చదునుగా పడి ఉంటుంది. ఏ వారంలో వాన కురిసిందో, ఏ వారంలో కురవలేదో... ఊళ్లో జనం మరచిపోయినా పోగు గోడ మాత్రం మరచిపోదు.

అదీ అన్ని పోగుల్లోనూ ఒకేలా ఉండదు. మొక్క అడుగు కొమ్మల కాయలు వాన రోజుల్లో ముదురుతాయి, పైకొమ్మల కాయలు ఎండకు చిక్కుతాయి. ఒకే కాయలో ఒక గింజకు తిండి బాగా అందుతుంది, పక్కదానికి అందదు. ఒకే గింజ మీద వెడల్పాటి చివర పోగులు పొడవుగా, మొనవైపువి పొట్టిగా ఉంటాయి. అక్కాచెల్లెళ్లకే పోలిక కుదరనప్పుడు కుప్పలో ఉన్న కోట్ల పోగులకు ఎలా కుదురుతుంది?

సగటు చాటున

పత్తి నాణ్యతకు ప్రపంచమంతా వాడే కొలతల్లో ముఖ్యమైనది ‘మైక్రోనేర్’. వ్యాపారులు ముద్దుగా ‘మైక్’ అంటారు. పద్ధతి తేలికే. తూచిన దూదిని ఒక చిన్న గదిలో కూరి, దాని గుండా గాలి పంపుతారు. పోగులు సన్నవైతే గాలి కష్టంగా, లావువైతే సులువుగా వెళుతుంది. 3.5 కంటే తగ్గితే అంతర్జాతీయ మార్కెట్లో ధర కోత పడుతుంది, 4.9 దాటినా అంతే. మన దగ్గర కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) మద్దతు ధరకు కొనేటప్పుడు కూడా పింజ పొడవుతో పాటు మైక్ చూస్తారు. 2025-26 సీజనుకు క్వింటాలు మద్దతు ధర మధ్యరకం పింజకు 7,710 రూపాయలు, పొడవు పింజకు 8,110 రూపాయలు.

ఈ మైక్‌తో ఒక పెద్ద తంటా ఉంది. గాలికి తెలిసేది సగటు మాత్రమే. మైక్ తక్కువ వచ్చిందంటే అర్థం రెండు రకాలుగా ఉండొచ్చు. ఆ పత్తి రకమే సహజంగా సన్నని పోగుది కావచ్చు. అలాంటిదైతే నాణ్యమైన సరుకే, సన్న నూలుకు భేషుగ్గా పనికొస్తుంది. లేదా కరువుకు చిక్కి గోడ కట్టని పోగులు నిండుగా ఉన్న పత్తి కావచ్చు. ఒకటి మేలిరకం, మరొకటి నాసిరకం. రెంటికీ గాలి చెప్పేది ఒకే అంకె! మొదటిదాన్ని రెండోదిగా పొరబడితే నష్టపోయేది అమ్మినవాడు, రెండోదాన్ని మొదటిదిగా పొరబడితే కొన్నవాడు.

ఇలాంటి చిక్కే వైద్యంలోనూ ఉంది. దాన్నుంచి బయటపడే దారి దొరికిందీ అక్కడే ముందు. ఇంట్లో ఎవరిదైనా రక్తపరీక్ష కాగితం ఉంటే ఒకసారి తీసి చూడండి. హిమోగ్లోబిన్ కింద వరసగా ఉండే పొడి అక్షరాల్లో ‘ఎంసీవీ’ అని ఒకటి, ‘ఆర్డీడబ్ల్యూ’ అని ఒకటి కనిపిస్తాయి. మొదటిది ఎర్రకణాల సగటు పరిమాణం. రెండోది కణానికీ కణానికీ ఎంత తేడా ఉందో చెప్పే అంకె. ఇనుము చాలక వచ్చే రక్తహీనతలో కణాలు చిన్నవవుతాయి. పుట్టుకతో వచ్చే థలసీమియా లక్షణం ఉన్నవాళ్లలోనూ చిన్నవే. సగటు చూస్తే రెండూ ఒకటే. అయితే ఇనుము లోపంలో చిన్నా పెద్దా కణాలు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి రెండో అంకె పెరుగుతుంది. థలసీమియా లక్షణంలో చాలామందికి అన్నీ ఇంచుమించు ఒకే తీరు చిన్నవి. డాక్టరుకు దారి చూపేది ఆ తేడా. ఖాయం చేసుకోవడానికి వేరే పరీక్షలు ఎలాగూ ఉన్నాయనుకోండి.

ఆ అంకె కోసం యంత్రం రక్తకణాలను ఒక్కొక్కటిగా చూస్తుంది. అమెరికన్ ఇంజినీరు వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంటు పొందిన ఉపాయం ఇది. ఉప్పునీటిలో కలిపిన రక్తాన్ని మిల్లీమీటరులో పదో వంతుకు మించని రంధ్రం గుండా పంపుతారు. ఆ రంధ్రంలో కరెంటు పారుతూ ఉంటుంది. కణం అడ్డొచ్చిన ప్రతిసారీ కరెంటు ఓ క్షణం తడబడుతుంది. కణం ఎంత పెద్దదైతే తడబాటు అంత ఎక్కువ. ఆ సూత్రంతో పనిచేసే యంత్రాలు ఇప్పుడు చిన్న పట్టణాల ల్యాబుల్లోనూ ఉన్నాయి.

ఆ తర్వాత సెన్సర్లు మరీ చిన్నవయ్యాయి. అమెరికాలో కొన్ని ప్రయోగశాలలు ఒక్కో బతికున్న కణాన్ని ఒక్కో సూక్ష్మమైన గుంటలో మూతపెట్టి, అది ఎంత ప్రాణవాయువు పీలుస్తోందో కొలిచాయి. గుంటలో మెరిసే రంగుపూత ఉంటుంది. ప్రాణవాయువు తగ్గేకొద్దీ మెరుపు పెరుగుతుంది. ఒకే పాత్రలో పెరిగిన, ఒకే జాతి కణాలు కూడా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలుస్తాయని తేలింది. ఇదేదో శాస్త్రవేత్తల సరదా అనుకోనక్కర్లేదు. క్యాన్సర్ మందు వేస్తే చాలా కణాలు చచ్చి, ఏ కొన్నో బతికి, మళ్లీ గడ్డగా పెరగడం వైద్యులకు తెలిసిన బాధే. సగటు లెక్కలో ఆ మొండి కణాలు కనపడవు. వాటిని విడిగా పట్టుకోవాలంటే ఒక్కొక్కటిగా చూడటం తప్ప దారిలేదు.

పత్తికీ అదే దారి పట్టింది. 1980ల్లో అమెరికాలో రూపుదిద్దుకున్న ‘ఏఫిస్’ అనే యంత్రం చిటికెడు దూదిని సన్నని ముళ్లున్న రోలరుతో విప్పి, గాలి వాలులో పోగు వెంట పోగు పంపుతుంది. దారిలో కాంతికిరణం, దాని అవతల సెన్సర్ ఉంటాయి. ఒక్కో పోగు నీడ దాటిపోతుంటే పొడవెంతో, ముదిరిందో లేదో, ఉండ చుట్టుకుందో లెక్క రాసుకుంటుంది. సాధారణంగా ఒక్కో విడతకు 3,000 పోగులు. అక్కడ సగటు పక్కకు తప్పుకుంటుంది. ఈ దూదిలో వందకు ఇన్ని పోగులు ముదరలేదు, ఇన్ని అరంగుళం కంటే పొట్టివి అని విడివిడిగా తేలిపోతుంది. మైక్ తక్కువైనప్పుడు అది పుట్టుకతో వచ్చిన సన్నదనమా, కరువు తెచ్చిన పలచదనమా అన్న అనుమానం తీర్చేది ఇలాంటి పరీక్షే.

ఎమ్మిగనూరు దుప్పటి మీద

ముదరని పోగులు కొన్ని కలిస్తే మాత్రం ఏమవుతుందిలే అనిపించొచ్చు. ఏమవుతుందో తెలియాలంటే ఆదోని నుంచి దాదాపు 30 కిలోమీటర్లు దాటి ఎమ్మిగనూరు దాకా పోవాలి.

ఎమ్మిగనూరు అంటే మగ్గం. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి నేతగాళ్లను ఒక గొడుగు కిందికి తెచ్చిన ఆయనకు 1954లో పద్మశ్రీ దక్కింది. దుప్పట్లు, తువ్వాళ్లు, కర్టెను గుడ్డలు ఆ సంఘం పేరుతో దూరదూరాలకు వెళ్లాయి. చేనేత కష్టాల్లో పడి మగ్గాలు తగ్గిపోవడం వేరే కథ. అది ఒక వారంలో చెప్పేది కాదు.

నేతగాడి చేతికి వచ్చేది పత్తి కాదు, నూలు. ఆ పత్తి ఏ చేలో పండిందో, ఆ ఏడు అక్కడ వాన ఎప్పుడు ఆగిందో అతనికి తెలిసే దారి లేదు. కానీ రంగు తొట్టిలో నూలు ముంచినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. రంగు ఇంకేది కణం గోడలోని సెల్యులోజ్‌లోకి. గోడే లేని పోగుకు రంగు ఎక్కడ పడుతుంది? పైగా చదునుగా, బలహీనంగా ఉన్న ఆ పోగులు జిన్నింగులోనూ ఏకు తీసేటప్పుడూ ఒకదానికొకటి చిక్కుకుని ఆవగింజ కంటే చిన్న ఉండలవుతాయి. ముదురు నీలమో ముదురు ఎరుపో అద్దిన గుడ్డ మీద అవి తెల్లటి చుక్కల్లా తేలతాయి. లేతరంగుల్లో అంతగా తెలియదు. నలుపు, నీలం, మెరూన్‌లలో దాచడం ఎవరి తరమూ కాదు. అప్పుడు మాట పడేది రంగు వేసినవాడు, కూలి కోసుకునేది నేసినవాడు. తప్పు ఎక్కడో పైకొమ్మ కాయలో, వాన లేని ఓ పదిహేను రోజుల్లో జరిగింది.

అందుకే పెద్ద స్పిన్నింగ్ మిల్లులు పోగు పోగునూ చూసే యంత్రాలు పెట్టుకున్నాయి. ఏ బేలును ఏ బేలుతో కలిపితే నూలు తెగకుండా వస్తుందో ఆ లెక్కలతో తేల్చుకుంటాయి. మంచిదే. అయితే ఆ కాగితం మిల్లు గేటు దాటి ఇవతలకు రాదు. పత్తి పండించినవాడికి తన పంటలో వందకు ఎన్ని పోగులు ముదరలేదో ఎవరూ చెప్పరు. యార్డులో రైతు కంటికి కనిపించే సెన్సర్ ఒక్కటే, తేమ కొలిచేది. అది 8 శాతం దాటిందంటే సీసీఐ ధరలో కోత, 12 దాటిందంటే సరుకు వెనక్కి. అతనికి తెలిసిన ఒకే ఒక్క పరికరం అతని సరుకులో లోపం చూపడానికే పనికొస్తోందంటే అది పరికరం తప్పు కాదు. పోగుల లెక్క కూడా రైతుకు అందితే, ఏ పొలానికి పొటాష్ తక్కువైందో, ఏ తేదీకి విత్తితే కాయ ఎండకు చిక్కదో వచ్చే ఏడుకైనా తెలుస్తుంది. ముంబయిలో 1924 నుంచి పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది, నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పత్తి రకాలు తయారుచేసింది. తెలిసినవాళ్లకు కొదవ లేదు. తెలిసిన విషయం ఆదోని కుప్ప దాకా రావడమే కరువు.

యంత్రం అక్కర్లేకుండా చేయగలిగింది కూడా ఒకటుంది. మొదటి తీతల పత్తినీ చివరి తీత పత్తినీ కలపకపోవడం. చివర్లో తీసేది ఎక్కువగా పైకొమ్మలది, ఎండకు చిక్కినది. దాన్ని మొదటి తీతతో కలిపి కుప్ప పోస్తే బరువు పెరుగుతుంది గానీ, వ్యాపారి చెయ్యి పెట్టిన చోట ముదరని పోగులు తగిలాయంటే ధర కుప్ప మొత్తానికీ పడిపోతుంది. చాలామంది రైతులకు ఇది తెలియనిదేం కాదు. కూలీలు దొరక్కపోవడం, ఇంట్లో విడిగా పోసుకునే చోటు లేకపోవడం, అప్పు తొందర... అన్నీ కలిసి రెండు తీతలనూ ఒకే బండి ఎక్కిస్తాయి.

పోగులన్నీ ఒకటి కావని పిల్లలకు చూపించాలంటే ప్రయోగశాల కూడా అవసరం లేదు. గింజతో ఉన్న పత్తి ఒక పలుకు తెచ్చి, ఒక్క గింజను విడదీయండి. పేల దువ్వెనలాంటి సన్న పళ్ల దువ్వెనతో గింజ చుట్టూ పోగులను మెల్లిగా బయటికి దువ్వండి. తొందరపడితే ఊడొస్తాయి. నల్ల కాగితం మీద పెడితే గింజ చుట్టూ తెల్లటి వలయంలా విచ్చుకుంటుంది. గింజ వెడల్పాటి కొనవైపు వలయం ఎక్కువ దూరం పోతుంది, మొనవైపు తక్కువ. స్కేలు పెట్టి కొలవండి. తర్వాత పోగులన్నీ చేత్తో పీకేసి గింజను వెలుగులో తిప్పి చూడండి. అప్పటికీ దాన్ని అంటుకుని మెత్తగా నూగు కనిపిస్తుంది. నాలుగు రోజులు ఆలస్యంగా లేచిన కణాలవి.